మిగిలిన టర్కీతో బేక్డ్ పాస్తా: ఈ సాయంత్రానికి కావాలి, సాయం చేయండి

ఫ్రిస్కో కోడలు
శుక్రవారం, ఉదయం 9:12

నమస్తే అండీ. నిన్న థాంక్స్‌గివింగ్‌కి మా ఇంట్లో మొదటిసారి టర్కీ చేశాం. మా ఆయన సంబరం పట్టలేక 16 పౌండ్లది తెచ్చారు. తినడానికి ఉన్నది ఎనిమిది మంది. అందులో అత్తయ్య గురువారం నీచు ముట్టరు, బాబా వారం. థాంక్స్‌గివింగ్ ఏటా నవంబర్ నాలుగో గురువారమే వస్తుందన్న సంగతి పక్షిని ఓవెన్‌లో పెట్టాక గానీ మా బుర్రలకు తట్టలేదు. మామయ్యేమో శనివారం తినరు. అంటే ఈ రెండు రోజుల మధ్య ఇద్దరూ కలిసి తినగలిగేది ఇవాళ ఒక్కరోజే. కార్తీకం ముందే అయిపోయింది కాబట్టి ఈ ఒక్కరోజైనా దొరికింది.

ఫ్రిజ్‌లో ఇంకా నాలుగు పౌండ్ల దాకా మాంసం ఉంది. ఎక్కువగా రొమ్ము ముక్కే. పొద్దున్న కాస్త మైక్రోవేవ్‌లో వేడి చేస్తే కొబ్బరి పీచు నమిలినట్టుంది, పైగా అదో రకం వాసన. పోయినేడు ఆఫీసు పాట్‌లక్‌కి ఒకావిడ టర్కీతో బేక్డ్ పాస్తా తెచ్చింది. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, నోట్లో పెట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది. టెట్రజీని అన్నట్టు గుర్తు. ఎవరైనా చేశారా? ఎండిపోకుండా, ఆ వాసన రాకుండా ఎలా?

వంటింటి సత్యం
శుక్రవారం, ఉదయం 9:30

రెసిపీ తర్వాత. టర్కీ ఫ్రిజ్‌లోకి ఎప్పుడెళ్లింది? బయట రెండు గంటలు దాటిందా?

ఫ్రిస్కో కోడలు
శుక్రవారం, ఉదయం 9:34

రెండింటికి కోశాం, మూడున్నరకల్లా డబ్బాల్లో సర్దేశాను. ఒక్క కాలు ముక్క మాత్రం పిల్లల టేబుల్ మీద రాత్రి దాకా ఉండిపోయింది. అది కూడా కలిపేద్దామనుకుంటున్నా, ఎలాగూ ఓవెన్‌లో ఉడుకుతుంది కదా.

వంటింటి సత్యం
శుక్రవారం, ఉదయం 9:37

ఆ కాలు పారేయండి. మళ్లీ వేడి చేస్తే క్రిములు చస్తాయి గానీ, కొన్ని రకాల క్రిములు అప్పటికే వదిలిన విషం వేడికి పోదు. మిగతాది బాగానే ఉన్నట్టే. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అంతే. అంటే ఆదివారం లోపల తినేయడమో, ఫ్రీజర్‌లో వేయడమో చేయండి.

గుంటూరు మిర్చి
శుక్రవారం, ఉదయం 9:52

అబ్బ, అమెరికా వచ్చాక అందరూ హెల్త్ ఇన్‌స్పెక్టర్లు అయిపోయారు. మా అమ్మ చేపల పులుసు పొయ్యి మీదే ఉంచేది, మర్నాడు పొద్దున్న దాని రుచే వేరు. మేమెవ్వరం పోలేదు.

వంటింటి సత్యం
శుక్రవారం, ఉదయం 9:58

చేపల పులుసులో చింతపండు ఉంది, ఉప్పుంది, మీ అమ్మగారు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి మరగబెట్టి ఉంటారు కూడా. పిల్లలు కొరికి వదిలేసిన టర్కీ కాలుకి అవేవీ లేవు.

అట్లాంటా అన్నపూర్ణ
శుక్రవారం, ఉదయం 10:41

కోడలు గారూ, పదకొండేళ్లుగా థాంక్స్‌గివింగ్ మర్నాడు మా ఇంట్లో ఇదే వంట. మా వారు బ్లాక్ ఫ్రైడే క్యూ నుంచి వచ్చేసరికి రెడీగా ఉంటుంది. నిజం చెప్పాలంటే మాకు టర్కీ కన్నా ఈ పాస్తానే ఇష్టం. టర్కీ దీని కోసమే తెస్తున్నామేమో అని ఒక్కోసారి అనుమానం.

కొలతలన్నీ 9 బై 13 అంగుళాల ట్రేకి. ముందు పాస్తా 12 ఔన్సులు. స్పగెట్టీ అయితే అసలు పద్ధతి, పెన్నే అయినా ఏం ఫరవాలేదు. బాగా ఉప్పు వేసిన నీళ్లలో, పెట్టె మీద రాసిన టైం కన్నా రెండు నిమిషాల ముందే దించేయండి. కొరికితే మధ్యలో పలుకు తెలియాలి. అన్నం వార్చినట్టు వార్చేయండి. చన్నీళ్లతో కడగొద్దు.

8 ఔన్సుల పుట్టగొడుగులు పల్చగా తరిగి రెండు స్పూన్ల వెన్నలో వేయించండి. అవి నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లన్నీ ఇగిరి, అంచులు ఎర్రబడేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే ట్రే అడుగున నీళ్లూరతాయి. ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు అందులోనే వేయించి పక్కన పెట్టండి.

అదే గిన్నెలో నాలుగు టేబుల్‌స్పూన్ల వెన్న, అది కరిగాక కప్పులో మూడో వంతు మైదా. సన్నటి సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించాలి, రంగు మారకూడదు. తర్వాత రెండు కప్పుల టర్కీ సూపు నీళ్లు, లేకపోతే కొన్న చికెన్ బ్రాత్, కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపండి. ఆపైన రెండు కప్పుల పాలు. ఐదారు నిమిషాలు సన్నగా కుతకుతలాడనివ్వండి. మిరియాల పొడి, చిటికెడు జాజికాయ, ఒక కప్పు పర్మెజాన్ చీజ్. పొయ్యి కట్టేశాకే చీజ్ వేయాలి.

ఇక అసలు కిటుకు. సాస్ చూస్తే మీకు పల్చగా అనిపిస్తుంది. మజ్జిగ పులుసు అంత ఉంటుంది. ఇంకో చెంచా మైదా వేద్దామా అని చెయ్యి లాగుతుంది. వేయకండి! ఆ పలుకున్న పాస్తా ఓవెన్‌లో కూర్చుని సాస్‌ని తాగుతుంది. గిన్నెలో దోసె పిండిలా ఉంటే బయటికి వచ్చేసరికి ఉప్మా అవుతుంది. మొదటి రెండేళ్లు నేను ఉప్మానే తిన్నాను.

టర్కీ నాలుగు కప్పులు, అన్నిటికన్నా చివర్లో. అది ఒకసారి ఉడికేసింది, దానికి ఇప్పుడు కావలసింది వేడెక్కడమే. సాస్‌లో వేసి మరిగించారంటే పొద్దున్న తిన్న పీచే మళ్లీ. ఫ్రోజెన్ బఠాణీలు ఒక కప్పు అలాగే పడేయండి. అన్నీ కలిపి ట్రేలో పరిచి, పైన కప్పు బ్రెడ్ పొడిలో రెండు స్పూన్ల కరిగిన వెన్న కలిపి చల్లండి. 375 డిగ్రీల ఫారెన్‌హీట్, పాతిక ముప్పై నిమిషాలు. అంచుల్లో బుడగలు రావాలి, పైన బంగారు రంగు రావాలి. తీశాక పది నిమిషాలు ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

గోదారి గాలి
శుక్రవారం, ఉదయం 10:55

ఇంత పెద్ద పురాణం ఎందుకండీ. మష్రూమ్ సూపు డబ్బాలు రెండు విప్పి, ఒక డబ్బా పాలు పోసి, కలిపి పెట్టేయడమే. మా పక్కింటి అమెరికన్ అమ్మమ్మ అలాగే చేస్తుంది.

అట్లాంటా అన్నపూర్ణ
శుక్రవారం, ఉదయం 11:03

చేసుకోవచ్చు. ఉప్పు మాత్రం ఇంకేమీ వేయకండి, డబ్బాలో సరిపడా కన్నా ఎక్కువే ఉంటుంది. రుచి తేడా అంటారా, పొడి కలిపిన సాంబారుకీ, ధనియాలు వేయించి నూరి పెట్టిన సాంబారుకీ ఉన్నంత.

పాత పాటల పిచ్చి
శుక్రవారం, ఉదయం 11:20

గోదారి గాలి గారి డబ్బాకి కూడా చరిత్ర ఉందండోయ్. క్యాంప్‌బెల్ కంపెనీ ఆ మష్రూమ్ సూపుని 1934లో తెచ్చింది. 1955లో వాళ్ల వంటశాలలో పనిచేసే డోర్కస్ రైలీ అనే ఆవిడ దానితో బీన్స్ క్యాసరోల్ తయారు చేశారు. ఇప్పటికీ థాంక్స్‌గివింగ్ బల్ల మీద కనిపించే ఆ ఆకుపచ్చ బీన్స్ వంటకం అదే. నిన్న మీలో సగం మంది తినే ఉంటారు.

టెట్రజీని అన్నది ఒక గాయని పేరు. లూయిజా టెట్రజీని, ఇటలీ ఆవిడ, ఒపెరాలో పెద్ద పేరు. వంటకాన్ని ఎవరు చేశారన్నది గొడవే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్యాలెస్ హోటల్ అని కొందరు, న్యూయార్క్ అని కొందరు. ఇటలీలో పుట్టింది మాత్రం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అంటే ఆవిడకు ప్రాణం. 1906 భూకంపంలో ఆ ఊరు నేలమట్టమైంది కదా, నాలుగేళ్ల తర్వాత, 1910 క్రిస్మస్ ముందు రాత్రి, మార్కెట్ స్ట్రీట్‌లో లొట్టాస్ ఫౌంటెన్ దగ్గర ఆరుబయట ఉచితంగా పాడింది. రెండు లక్షల పైచిలుకు జనం వచ్చారని చెప్తారు. మైకులు లేని రోజులు! ఆ ఫౌంటెన్ ఇప్పటికీ ఉంది. బే ఏరియా వాళ్లు దాని పక్కనుంచే ఆఫీసుకి నడుస్తుంటారు, తల తిప్పి చూడరు.

కొలంబస్ కుర్రాడు
శుక్రవారం, ఉదయం 11:26

నేను ఇన్నాళ్లూ టెట్రజీని అంటే పాస్తా ఆకారం పేరు అనుకున్నా. పెన్నే, మాకరోనీ, టెట్రజీని.

గుంటూరు మిర్చి
శుక్రవారం, ఉదయం 11:44

చరిత్ర సరే. కారం ఎక్కడుంది ఇందులో? పాలు, మైదా, వెన్న, చీజ్. జ్వరమొచ్చినవాళ్ల భోజనంలా ఉంది. నేనైతే టర్కీని అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, గరం మసాలాలో దోరగా వేయించి, కొత్తిమీర చల్లి అప్పుడు కలుపుతా. మామగారు ఆంధ్రా వాళ్లా కాదా ముందు చెప్పండి.

అట్లాంటా అన్నపూర్ణ
శుక్రవారం, మధ్యాహ్నం 12:10

మిర్చి గారూ, దోరగా వేయించొద్దనే కదా ఇంతసేపూ చెప్పింది. గరం మసాలా, పర్మెజాన్ ఒక గిన్నెలో పడవండీ. నేను ఒక ఏడు చేశాను. రెండూ అరుచుకుంటుంటే మధ్యలో టర్కీ కనబడకుండా పోయింది. కారమే కావాలంటే మిరియాలు దండిగా దంచి వేయండి. పైన చల్లే బ్రెడ్ పొడిలో ఎండుమిర్చి పలుకులు కలపండి. పాల సాస్‌కి మిరియం ఎప్పుడూ ఎదురు చెప్పదు.

గుంటూరు మిర్చి
శుక్రవారం, మధ్యాహ్నం 12:13

నేను ఒప్పుకోను. కానీ బ్రెడ్ పొడిలో ఎండుమిర్చి బావుంది, తీసుకుంటున్నా. కరివేపాకు కూడా నలిపి వేస్తా, మీకు చెప్పకుండా.

ల్యాబ్ కోటు
శుక్రవారం, మధ్యాహ్నం 12:32

వాసన సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను, ఇది నా సబ్జెక్టు. ఉడికిన మాంసాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడి చేసినప్పుడు వచ్చే ఆ అట్టముక్క వాసన కుళ్లడం కాదు. మాంసం ఉడికేటప్పుడు అందులోని ఇనుము కొంత విడివడుతుంది. అది, గాలి, కొవ్వు, మూడూ కలిస్తే కొవ్వు పాడవుతుంది. పాత నూనె కమురు వాసన తెలుసుగా, దాని తమ్ముడు. టర్కీ కొవ్వు త్వరగా గాలి పట్టే రకం, అందుకే కోడి కన్నా దీనిలో ఎక్కువ తెలుస్తుంది. ఒక్క రాత్రిలోనే మొదలవుతుంది.

కాబట్టి గాలి తగలకుండా చూడాలి. ముక్కలు చిన్నగా చీల్చి డబ్బాలో పెడితే గాలి తగిలే చోటు పెరుగుతుంది. పెద్ద ముక్కలుగానే ఉంచి, పైన గ్రేవీనో సూపు నీళ్లో మునిగేలా పోసి పెట్టండి. చీల్చడం వండే ముందే. అన్నపూర్ణ గారి వంటలో ఉల్లి, వెల్లుల్లి, మిరియం ఉన్నాయి కాబట్టి ఆ కాస్త వాసనా అణుగుతుంది. మైక్రోవేవ్‌లో ఒట్టి ముక్క వేడి చేయడం అన్నిటికన్నా దారుణం.

ఇంకొకటి, లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి. థర్మామీటర్ నిన్న టర్కీకి కొనే ఉంటారు, దాన్నే మధ్యలో గుచ్చి చూడండి.

ఫ్రిస్కో కోడలు
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

అయ్యో, రాత్రే అంతా చీల్చి పెట్టేశానండీ, బుద్ధిమంతురాలిలా. ఇప్పుడే సూపు నీళ్లు పోస్తున్నా. ఎముకలు పొద్దున్న నుంచి మరుగుతున్నాయి.

చికాగో చలి
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

రెండు హెచ్చరికలు, రెండూ సొంత అనుభవం.

ఒకటి, గాజు ట్రే. పోయినేడు ఇలాంటిదే రాత్రి సర్ది ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఫ్రిజ్ నుంచి తిన్నగా వేడి ఓవెన్‌లోకి నెట్టాను. పది నిమిషాలకి టప్ మని శబ్దం. తలుపు తీస్తే పాస్తా అంతా గాజు పెంకులు. రెండు గంటల వంట చెత్తబుట్టలోకి, ఓవెన్ తుడవడానికి ఇంకో రెండు గంటలు. చల్లటి గాజు ఒక్కసారి వేడి తట్టుకోలేదు. అప్పటికప్పుడు చేసి పెడితే బాధ లేదు. ముందే సర్దుకునేవాళ్లు మాత్రం అల్యూమినియం ట్రే వాడండి.

రెండు, ఓవెన్ వెలిగించే ముందు తెరిచి చూడండి. మన ఇళ్లలో ఓవెన్ అంటే మూకుళ్లు, పెనాలు, దోసె రాళ్లు దాచుకునే అల్మరా. మా ఆవిడ ప్రీహీట్ పెట్టిన రోజు లోపల ఇడ్లీ ప్లేట్లతో పాటు ప్లాస్టిక్ మూతలున్నాయి. వాసన ఉగాది దాకా పోలేదు.

కొలంబస్ కుర్రాడు
శుక్రవారం, మధ్యాహ్నం 1:09

మా ఓవెన్‌లో ఇప్పుడు మూడు ప్రెషర్ కుక్కర్లున్నాయి. మేం అద్దెకి వచ్చి నాలుగేళ్లయింది, అది వెలుగుతుందో లేదో కూడా తెలీదు.

కూకట్‌పల్లి పిల్ల
శుక్రవారం, మధ్యాహ్నం 1:30

ఇక్కడ అర్ధరాత్రి, నిద్ర పట్టక చదువుతున్నా. నోరూరుతోంది. మాకు టర్కీ ఎక్కడ దొరుకుతుంది గానీ, మిగిలిన తందూరీ చికెన్‌తో చేయొచ్చా? ఓటీజీ చిన్నది.

అట్లాంటా అన్నపూర్ణ
శుక్రవారం, మధ్యాహ్నం 1:38

తందూరీ వద్దమ్మా, ఆ మసాలా సాస్‌ని ఎర్రగా, పుల్లగా చేసేస్తుంది. మామూలుగా ఉడికించిన చికెన్, లేదా మసాలా లేని రోస్ట్ చికెన్ బాగుంటుంది. కొలతలన్నీ సగం చెయ్యి. 190 సెల్సియస్ పెట్టు. చిన్న ఓవెన్‌లో పై కమ్మీ దగ్గరగా ఉంటుంది, మాడకుండా చివరి పది నిమిషాలదాకా పైన ఫాయిల్ కప్పి ఉంచు. ఇక పడుకో.

గోదారి గాలి
శుక్రవారం, మధ్యాహ్నం 2:15

తురిమి ప్యాకెట్లో అమ్మే చీజ్ వాడొచ్చా? గడ్డ తురుముకునే ఓపిక లేదు.

ల్యాబ్ కోటు
శుక్రవారం, మధ్యాహ్నం 2:22

పైన చల్లడానికి వాడండి. సాస్‌లోకి మాత్రం గడ్డే. ఆ ప్యాకెట్ తురుముకి అంటుకోకుండా పిండిలాంటివి పూస్తారు, సాస్ నున్నగా రాదు, ఇసుకలా తగులుతుంది.

ఫ్రిస్కో కోడలు
శుక్రవారం, రాత్రి 10:48

అయిపోయింది! పిల్లలు పడుకున్నారు, ఇప్పుడే కూర్చున్నా.

సాస్ దగ్గర నిజంగానే చెయ్యి లాగింది అన్నపూర్ణ గారూ. గిన్నెలో చూస్తే పాల చారులా ఉంది. మా ఆయన వచ్చి చూసి, ఇదేంటి పాయసమా అన్నారు. మైదా డబ్బా చేతిలో పట్టుకుని మీ పోస్ట్ మళ్లీ చదివి, డబ్బా పక్కన పెట్టేశాను. ఓవెన్ తెరిచి చూశాను కూడా. రెండు దోసె పెనాలు దొరికాయి, ఒకటి మూడు నెలలుగా వెతుకుతున్నది.

అరగంట పెట్టాను. మధ్యలో 170 చూపించింది. మొదట గరిటె పెట్టినప్పుడు కాస్త జారుగా ఉంది, చెడిపోయిందని గుండె జారింది. మీరన్న పది నిమిషాలు ఆగాక ముక్కలా వచ్చింది. ఆ వాసన ఊసే లేదు. రొమ్ము ముక్క మెత్తగా ఉంది, నమ్మలేకపోయాను. ఒక్క తప్పు, సూపు నీళ్లలో ఉప్పుందని మర్చిపోయి సాస్‌లో మళ్లీ వేశాను, కొంచెం కటువైంది.

అత్తయ్య రెండు ముద్దలు తిని, "బాగానే ఉందే, పెరుగన్నంలా చల్లగా దిగుతోంది" అన్నారు. పొగలు కక్కుతున్న పాస్తా చల్లగా ఎలా దిగిందో నాకు తెలీదు. తర్వాత నెమ్మదిగా, "ఆవకాయ ఉందా అమ్మా?" అన్నారు. తెచ్చాను. ఏం చేయను. మామయ్య ఏమీ మాట్లాడలేదు గానీ, ట్రే నాలుగు మూలల్లో కరకరలాడే అంచు ఉంది చూడండి, మూడు మూలలు ఆయనే తిన్నారు. నాలుగోది మా అబ్బాయి లాక్కున్నాడు.

గుంటూరు మిర్చి
శుక్రవారం, రాత్రి 10:55

ఆవకాయ! నేను చెప్పానా లేదా!

అట్లాంటా అన్నపూర్ణ
శుక్రవారం, రాత్రి 11:02

పక్కన నంజుకున్నారు, లోపల కలపలేదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. కోడలు గారూ, సంతోషం. మిగిలిన మాంసాన్ని సూపు నీళ్లతో పాటు రెండు సంచుల్లో సర్ది, పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు నాలుగు నెలల్లోపు వాడితే రుచి చెడదు. సంక్రాంతికి వచ్చే చుట్టాలకి మళ్లీ ఇదే చేయొచ్చు. వాడే ముందు రాత్రి ఫ్రిజ్‌లోకి దించుకోవాలి, బయట కరగబెట్టొద్దు.

ఫ్రిస్కో కోడలు
శనివారం, ఉదయం 8:20

మాంసం ఫ్రీజర్‌లోకి వెళ్లిపోయింది. ఇంకా మూడు కప్పుల ఎముకల నీళ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. అత్తయ్య పొద్దున్నే లేచి మూత తీసి చూశారు. ఇవాళ మామయ్యకి శనివారం కాబట్టి రేపు వీటితో మిరియాల చారు పెడతానంటున్నారు. చింతపండు నానబెట్టనా అని అడుగుతున్నారు. వేయొచ్చా?

గోదారి గాలి
శనివారం, ఉదయం 8:31

వేయాలి. చింతపండు లేనిది చారే కాదు.

గుంటూరు మిర్చి
శనివారం, ఉదయం 8:33

వద్దు. దించాక నిమ్మకాయ పిండండి. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వేయండి.

అట్లాంటా అన్నపూర్ణ
శనివారం, ఉదయం 8:40

అత్తయ్యగారికే వదిలేయండి. నిన్న పొయ్యి మీది, ఇవాళ ఫ్రిజ్‌లోది, రేపు చారు. ఆవిడకి మీ వంటిల్లు నచ్చింది.

వేదిక నిర్వాహకులు
శనివారం, ఉదయం 9:05

చారు గొడవకి దయచేసి వేరే చర్చ మొదలుపెట్టండి. పోయినసారి చింతపండు, నిమ్మకాయ అని మొదలై 140 పోస్టులు వెళ్లింది.